బ్రెయిడ్స్ ఉన్నవాళ్లకు శవాసనంలో తల కింద ఏం పెట్టాలి?

అట్లాంటాలో శనివారాలు యోగనిద్ర క్లాసు చెబుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి మహిళలు. వారమంతా ఇంటా బయటా చాకిరీ చేసి, ఆ 20 నిమిషాలు తమకోసమని వస్తారు. చిక్కల్లా జుట్టుతోనే. నడుము దాకా ఉన్న బాక్స్ బ్రెయిడ్స్ (తలంతా పాయలు తీసి అల్లే సన్నటి జడలు) ముడి వేసుకుంటే తల నేలకు ఆనదు, గడ్డం ఛాతీ వైపు వంగిపోతుంది. 7, 8 నిమిషాలకే మెడ పట్టేస్తోందట. విప్పేస్తే, కొత్తగా అల్లించుకున్నవాళ్లకు కుదుళ్ల దగ్గర లాగుతోంది. మడిచిన టవల్ పెట్టాం, జారిపోయింది. పైగా నూలు బట్ట జుట్టులోని తేమ పీల్చేస్తుంది, అందుకే వాళ్లు రాత్రిళ్లు శాటిన్ బోనెట్ (జుట్టంతా కప్పే నున్నటి టోపీ) పెట్టుకుంటారు. శాటిన్ చుట్టిన బోల్‌స్టర్ (పొడవాటి గుండ్రటి దిండు) మరీ ఎత్తు. పక్కకు తిరగమంటే సగంమంది గురక (అదీ విశ్రాంతే అనుకోండి!). ముడి విప్పకుండా, మెడ వంగకుండా వెల్లకిలా పడుకోవడానికి ఏ ఆకారం, ఎంత ఎత్తు దిండు పనికొస్తుంది?