నల్లరేగడి పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయి, ఆర్టిఫిషియల్ టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేస్తే తగ్గుతుందా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్తే. మా పెరడు ఇంటికి ఉత్తరం వైపు ఉంటుంది. ఇంటి నీడ, చెక్క ఫెన్సు నీడ పడి బెర్ముడా గడ్డి సగానికి పైగా చచ్చిపోయింది, మిగిలింది బురదే. గట్టి వాన పడితే రెండు మూడు రోజులు నీళ్లు అక్కడే ఉంటాయి. పాపని ఆడుకోమని పంపలేను. కుక్క బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ కాళ్లు కడగాలి. టర్ఫ్ వేసే ఒకాయన వచ్చి చూసి, "దీనికి కింద చిల్లులుంటాయి, నీళ్లు వెంటనే దిగిపోతాయి, మీ డ్రైనేజీ సమస్య తీరిపోతుంది" అన్నారు. చెప్పిన రేటు తక్కువేం కాదు. నిజంగా తీరుతుందా? వేయించుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

జవాబు (ఇర్వింగ్)

మాకు పక్క వాకిట్లో ఉంది. బురద లేదు, చూడ్డానికి బాగుంటుంది. కానీ మాది ఎండ పడే చోటు. జూలైలో మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, కుక్క కూడా దాని మీదికి రాదు. మీది నీడ కాబట్టి ఆ బాధ తక్కువే ఉండొచ్చు. డ్రైనేజీ సంగతి నాకు తెలియదు, మాకు మొదటినుంచీ నీళ్లు నిలవలేదు.

జవాబు (ప్లానో)

చిల్లులున్న మాట నిజమేనండీ. ఆ చిల్లుల్లోంచి దిగిన నీళ్లు తర్వాత ఎక్కడికి పోతాయో ఆయన్ని అడగండి.

మాది గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు వైపు. పత్తి, మిరప వేసే నల్లరేగడి పొలాల్లో పెరిగాను. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ మట్టిది కూడా అదే జాతి. మట్టి శాస్త్రంలో రెండూ వర్టిసాల్స్, అంటే తడిస్తే ఉబ్బి ఎండితే నెర్రెలిచ్చే బంకనేలల కిందికే వస్తాయి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. తొలి వాన నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకి లాక్కుంటుంది. ఆ తర్వాత ఉబ్బి, నెర్రెలు మూసుకున్నాక గంటకి అంగుళంలో పదో వంతు కూడా ఇంకనివ్వదు. ఊళ్లో చేలో నీళ్లు నిలిస్తే కాలవ తీసి బయటికి పంపేవాళ్లం, ఇంకుతాయని ఎదురుచూసేవాళ్లం కాదు. ఇక్కడా చేయాల్సింది అదే.

టర్ఫ్ కోసం మూడు నాలుగు అంగుళాల మట్టి తీసి, మట్టి పైకి రాకుండా నీళ్లు దిగే గుడ్డ పరిచి, కంకర, రాతిపొడి పోసి గట్టిగా అణగ్గొడతారు. ఆ తవ్విన చోటు నుంచి నీళ్లకి దారి లేకపోతే మీ పెరట్లో ఒక తొట్టి కట్టుకున్నట్టే. నీళ్లు పైకి కనపడవు, కింద నిలిచే ఉంటాయి. మట్టి ఉబ్బి, ఎండినప్పుడల్లా పైన ఎగుడుదిగుడవుతుంది. కుక్క ఉందన్నారు, ఆ నిలవ తడికి మూత్రం తోడైతే వాసన భరించలేరు.

కొందరు తవ్వే ఖర్చు మిగుల్చుకోవడానికి ఉన్న మట్టి మీదే కంకర పోస్తారు. అది అస్సలు ఒప్పుకోవద్దు. ఇటుక గోడ కింద పునాది స్లాబ్ కనీసం 4 అంగుళాలు బయటికి కనపడుతూ ఉండాలి. దాన్ని పూడిస్తే గోడ అడుగున వదిలిన సందుల్లోకి తడి పోతుంది, చెదలు పట్టినా మీకు తెలియదు.

ఈసారి గట్టి వాన పడేటప్పుడు గొడుగేసుకుని పెరట్లో నిలబడి, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూసి ఇక్కడ రాయండి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి వానలో చూశామండీ. మా వెనక కప్పు నీళ్లన్నీ రెండు డౌన్‌స్పౌట్ల (కప్పు నీళ్లు కిందికి దింపే గొట్టాలు) నుంచి నేరుగా పెరట్లోనే పడుతున్నాయి. పక్కింటి స్థలం మాకంటే కొంచెం ఎత్తు, అటునుంచీ వస్తున్నాయి. ఫెన్సు కింద అడ్డంగా కొట్టిన చెక్క దగ్గర అన్నీ ఆగిపోతున్నాయి. మావారు దారం కట్టి, లెవెల్ పెట్టి చూశారు. పెరటి మూల నుంచి వీధి కర్బ్ (రోడ్డు అంచు గట్టు) దాకా 70 అడుగులు, పల్లం 10 అంగుళాలు వచ్చింది.

జవాబు (ప్లానో)

అయితే మీకు మంచి వాటం ఉంది. వంద అడుగులకి ఒక అడుగు పల్లం ఉంటే పైపు పనిచేస్తుంది, మీకు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంది.

మొదట డౌన్‌స్పౌట్లు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే 600 గ్యాలన్ల పైమాటే. అదంతా చిల్లుల్లేని పైపులో కర్బ్ దాకా తీసుకెళ్లండి. పక్కింటి నుంచి వచ్చే నీళ్లకి ఫెన్సు వెంట ఫ్రెంచ్ డ్రైన్ (కాలవ తవ్వి పైపు, కంకరతో నింపేది) వేయించండి. 4 అంగుళాల చిల్లుల పైపు, చుట్టూ కడిగిన కంకర, దానికి గుడ్డ. ఈ రెండు పైపుల్నీ కలపనివ్వకండి. కలిపితే కప్పు నీళ్లు చిల్లుల్లోంచి బయటికొచ్చి మళ్లీ మీ మట్టిలోకే పోతాయి. ఖర్చు తగ్గుతుందని కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫ్రెంచ్ డ్రైన్‌ని ఇంటి పునాదికి ఆనించకుండా ఫెన్సు వైపే ఉంచండి. పునాది పక్క మట్టి ఒకచోట తడిగా, ఒకచోట పొడిగా ఉంటే ఈ నేలలో స్లాబ్ పగుళ్లిస్తుంది. గోడ నుంచి 10 అడుగుల్లో 6 అంగుళాలు దిగేలా నేల వాటం కూడా సరిచేయించండి.

ఫెన్సు చెక్క తీసేసి నీళ్లు అవతలి ఇంట్లోకి వదిలేయాలని మాత్రం చూడకండి. నీటి దారి మళ్లించి పక్కవాళ్ల ఆస్తికి నష్టం చేయకూడదని టెక్సస్ వాటర్ కోడ్‌లోనే ఉంది.

ఇదంతా అయ్యాక ఒక వానాకాలం చూడండి. నీళ్లు నిలవకపోయినా, అంత నీడలో బెర్ముడా రాదు, దానికి రోజుకి ఆరేడు గంటల ఎండ కావాలి. అప్పుడు టర్ఫ్ వేయించుకోండి, మీ చోటుకి అదే మంచిదని నా అభిప్రాయం. దాని కింద కంకర కూడా ఫ్రెంచ్ డ్రైన్ వైపే వాలుగా ఉండాలని రేటు కాగితంలోనే రాయించండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ. టర్ఫ్ ఆయనకి ఇప్పుడే వద్దని చెప్పేశాం. డౌన్‌స్పౌట్ల పైపు వరకు మావారు, వాళ్ల తమ్ముడు కలిసి తవ్వుతామంటున్నారు. జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

జవాబు (ప్లానో)

తవ్వడానికి రెండు పనిదినాల ముందే 811కి ఫోన్ చేయండి, డబ్బులేమీ తీసుకోరు. గ్యాస్, కరెంటు లైన్లున్న చోట రంగు వేసి వెళ్తారు. మీ స్ప్రింక్లర్ పైపులు మాత్రం వాళ్లు చూపించరు. ఒక్కో జోన్ ఆన్ చేసి, నీళ్లు చిమ్మే హెడ్లు ఏ వరసలో ఉన్నాయో చూసి మీరే జెండాలు గుచ్చుకోండి. వాన పడిన రెండు మూడు రోజులకి, మట్టి జిగట తగ్గి ఇంకా మెత్తగా ఉన్నప్పుడు మొదలుపెట్టమనండి. పూర్తిగా ఎండితే పార దిగదు.