లంగరు ఎత్తే విండ్లాస్ మోటారు బ్రేకర్ ఊరికే ట్రిప్ అవుతోంది, 100 ఆంప్స్ తీసి 150 వేస్తే తప్పేంటి?

చెసపీక్ శీను
అందరికీ నమస్కారం. మాది 34 అడుగుల పాత సెయిల్‌బోట్, అమెరికాలో అన్నాపొలిస్ దగ్గర ఉంచుతాం. పోయినేడాది సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. 12 వోల్టుల విండ్లాస్, 1000 వాట్లది. లంగరు దింపేటప్పుడు ఏ గొడవా లేదు. ఎత్తేటప్పుడు మాత్రం పది సెకన్లు మూలుగుతుంది, బ్రేకర్ ట్రిప్ అవుతుంది. ఐదు నిమిషాలాగి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే కథ. ఒక్కోసారి ఫుట్ స్విచ్ తొక్కితే సొలెనాయిడ్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) టక్కుమంటుందే తప్ప మోటారు కదలదు. మెకానిక్ వచ్చి మోటారు పోయిందన్నాడు. కొత్తది వేయించాను, బిల్లు చూసి రెండ్రోజులు నిద్రపట్టలేదు. అయినా అంతే. ఇప్పుడున్న బ్రేకర్ 100 ఆంప్స్. 150 వేసేస్తే పోతుంది కదా?

ఈటీఓ మూర్తి
పోతుంది, బోటు కూడా. ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసర్‌గా (ఈటీఓ) చేసినవాణ్ణి చెబుతున్నాను. బ్రేకర్ ఉన్నది వైరు కాలకుండా ఆపడానికి. వైరు ఏ గేజ్ (మందం నంబరు, నంబరు తగ్గేకొద్దీ వైరు లావు)? బ్యాటరీ నుంచి ముందుభాగం దాకా ఎంత పొడవు? మల్టీమీటర్ తెచ్చి మోటారు టెర్మినల్స్ మీద పెట్టండి, ఇంకొకరిని స్విచ్ తొక్కమనండి. మోటారు లాగుతుండగా ఎన్ని వోల్టులో రాయండి. ఊరికే ఉన్నప్పుడు 12.6 వచ్చిందని మురిసిపోకండి. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన వైరు కూడా లోడు లేనప్పుడు 12.6 చూపిస్తుంది.

సర్క్యూట్ సుబ్బు
చిన్న లెక్క. 1000 బై 12 అంటే 83 ఆంప్స్. వోల్టేజ్ 9కి పడితే 1000 బై 9, అంటే 111. వంద దాటింది, ట్రిప్ అయింది. అయిపోయింది.

ఈటీఓ మూర్తి
సుబ్బు గారూ, అది ఇన్వర్టర్‌కి సరిపోయే లెక్క. ఇలాంటి డీసీ మోటారుకి వోల్టేజ్ తగ్గితే వేగం తగ్గుతుంది. ఎన్ని ఆంప్స్ తాగాలో లోడు చెబుతుంది. నిమిషంలో రావలసిన గొలుసు రెండు నిమిషాలు వస్తుంది, ఈలోగా థర్మల్ బ్రేకర్ వేడెక్కి పడిపోతుంది. పూర్తిగా ఇరుక్కుని ఆగిపోతే అప్పుడు కరెంటు చాలా రెట్లు.

సర్క్యూట్ సుబ్బు
పవర్ అంటే వోల్ట్ ఇంటూ ఆంప్. ఇంటర్‌లో చదివిందే. షిప్పెక్కితే మారిపోతుందా?

ఈటీఓ మూర్తి
ఇంటర్‌లో బ్యాక్ ఈఎంఎఫ్ (మోటారు తిరిగేటప్పుడు ఎదురుగా పుట్టే వోల్టేజ్) పాఠం కూడా ఉంది. ఆ రోజు మీరు సెలవు పెట్టినట్టున్నారు.

పాత తెడ్డు
మోటారు మీద చెక్క సుత్తితో రెండు తట్టండి. లోపల కరెంటు అందించే బ్రష్‌లు ఇరుక్కుంటే కదులుతాయి.

చెసపీక్ శీను
తెడ్డు గారూ, కొత్త మోటారండీ. మూర్తి గారూ, వైరు 6 గేజ్. రానూపోనూ 20 మీటర్లు ఉంటుంది. సరే, 150 వేయొచ్చా లేదా?

ఈటీఓ మూర్తి
6 గేజ్‌లో మంచి రకానికే 120 దగ్గర హద్దు. మీరు 150 అంటున్నారు! 20 మీటర్ల 6 గేజ్ వైరు 100 ఆంప్స్ దగ్గర తానొక్కటే రెండున్నర వోల్టులు మింగేస్తుంది. నేనో టగ్‌లో (ఓడల్ని లాగే పడవ) పనిచేసేటప్పుడు ఫ్యూజ్ ఆగట్లేదని ఎవడో మహానుభావుడు రాగితీగ చుట్టి వదిలేశాడు. ముందుభాగంలోని స్టోరు నిండా పొగ, తలుపు తీసింది నేను. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే ఈ మాట వింటే నాకు మండుతుంది.

సరంగు బాబాయ్
గోదావరి మీద పాతికేళ్ళు లాంచీ నడిపాను. లంగరు చేత్తోనే లాగేవాళ్ళం. ఓసారి ముచ్చటపడి ఎలక్ట్రిక్ వించి పెట్టించా. రెండు నెలలకే పోయింది. పెట్టినోడు ఫోనెత్తలేదు. మీరు వోల్టులు, గేజులు అంటూ ఉండండి. నాకు అర్థమైంది ఒక్కటే. పడవ లంగరు దగ్గరికి వెళ్ళాలి గానీ లంగరు పడవ దగ్గరికి రాదు బాబూ.

చెసపీక్ శీను
బాబాయ్ గారూ, నాకు వెన్ను ఆపరేషన్ అయింది. చేత్తో లాగే పనైతే ఇక్కడ అడిగేవాణ్ణి కాదు.

సరంగు బాబాయ్
చేత్తో లాగమని నేనెక్కడన్నా?

గాలివాటం
అమ్మకానికి పెట్టినప్పుడు ధర చెప్పండి.

టిల్లర్ లక్ష్మి
శీను గారూ, ఎక్కడ లంగరేస్తారు? ఎంత లోతు?

చెసపీక్ శీను
ఎక్కువగా రోడ్ రివర్ అనే నదిలో. పది అడుగులు ఉంటుంది. 15 కిలోల లంగరు, 8 మిల్లీమీటర్ల గొలుసు.

టిల్లర్ లక్ష్మి
అదే నాకు అర్థం కావట్లేదు. పది అడుగుల లోతులో వేలాడే గొలుసు ఐదు కిలోలు మించదు. లంగరుతో కలిపి 20 కిలోలు. 20 కిలోలు ఎత్తలేక 1000 వాట్ల మోటారు మూలుగుతుందా? మీ విండ్లాస్ లంగరును కాదు, బోటును లాగుతోంది. ఎత్తేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంటుందా? హెల్మ్ (చుక్కాని తిప్పే చక్రం) దగ్గర ఎవరుంటారు?

సర్క్యూట్ సుబ్బు
అయినా వాట్స్ వాట్సే.

చెసపీక్ శీను
లక్ష్మి గారూ, నేనడిగింది బ్రేకర్ గురించి. ప్రతివాడూ పరీక్ష పెట్టడమే గానీ జవాబు చెప్పేవాడు లేడు. మెకానిక్ డబ్బు తిన్నాడు, ఇక్కడ పాఠాలు తింటున్నాను. కంపెనీ వాళ్ళు అమ్మిన వస్తువు, బటన్ నొక్కితే పనిచేయాలి. అంతే!

ఈటీఓ మూర్తి
పెద్ద ఓడల్లోనే అలా ఉండదు. అక్కడ విండ్లాస్‌కి పెట్టే కొలత ఏమిటో తెలుసా? 82.5 మీటర్ల గొలుసు, అంటే మూడు షాకిళ్ళు, దానికి లంగరు కలిపి నిమిషానికి 9 మీటర్ల చొప్పున ఎత్తగలగాలి.  ఓడను గాలికి ఎదురు లాగడం దాని పని కాదు. గొలుసు మరీ బిగిస్తే బ్రిడ్జికి (ఓడ నడిపే గదికి) చెప్పి ఇంజిన్ కాస్త ముందుకు వేయిస్తాం. కొలిచారా లేదా?

చెసపీక్ శీను
ఎవరికి చెప్పి వేయించను? హెల్మ్ దగ్గర ఎవరూ ఉండరు! నేనే ముందు నిలబడి స్విచ్ తొక్కుతాను. జులైలో గాలి ఎక్కువగా ఉన్నప్పుడు మా ఆవిడ గేరు వెనక్కి వేసింది, నేను అరిచాను, పక్క బోట్ల వాళ్ళంతా చూశారు. అప్పటినుంచి ఆవిడ ఆ చక్రం ముట్టుకోదు. కింద క్యాబిన్‌లో కూర్చుంటుంది. ఇప్పుడు తృప్తిగా ఉందా అందరికీ?

సరంగు బాబాయ్
ఓరి నాయనా. మోటారు మార్చావు గానీ...

టిల్లర్ లక్ష్మి
తిట్టడానికి అడగలేదండీ. మా బోటులో హెల్మ్ నాదే. ఆయన ముందు నుంచి అరిస్తే గాలికి నాకు సగమే వినపడేది. "వెనక్కి వద్దు" అన్నది తెగిపోయి "వెనక్కి" అని మాత్రమే వినపడి నేనూ అలాగే వేశాను. ఇప్పుడు నోరు లేదు, చెయ్యే. గొలుసు ఏ వైపుంటే ఆ వైపు చెయ్యి చూపిస్తారు, నేను అటు నెమ్మదిగా వెళ్తాను. పిడికిలి బిగిస్తే న్యూట్రల్. గొలుసు నిలువుగా వచ్చాక క్లీట్‌కి (డెక్ మీద తాడు కట్టే కొమ్ముకి) కట్టి, ఇంజిన్ కొద్దిగా ముందుకు వేస్తే లంగరు బురదలోంచి అదే వదులుతుంది. విండ్లాస్ వదులైన గొలుసును లోపలికి తెచ్చుకుంటుంది, అంతే. చెయ్యి గుర్తులు కట్టు దగ్గరే, ఒడ్డున ఉండగానే, ఆవిడతో కలిసి ఒకసారి చేసి చూడండి. ముందు సారీ చెప్పండి.

ఈటీఓ మూర్తి
మంచిదే. కానీ వైరింగ్ సంగతి వదలకండి. సొలెనాయిడ్ ఊరికే టక్కుమనడానికి మీ ఆవిడ కారణం కాదు.

చెసపీక్ శీను
వారం తర్వాత రాస్తున్నాను. కోపంలో ఏదో అన్నాను, క్షమించండి. కట్టు దగ్గరే కొలిచాం. గొలుసును క్లీట్‌కి వేసి కొద్దిగా బిగువుగా పెట్టాం. స్విచ్ తొక్కింది మా ఆవిడే, "అరవకుండా అడుగు" అని షరతు పెట్టి. ఇంజిన్ ఆన్‌లో ఉంది. లోడు మీద బ్యాటరీ దగ్గర 12.8, మోటారు దగ్గర 9.0. ఒక్కో జాయింటుకీ అటూ ఇటూ మీటరు పెట్టుకుంటూ వెళ్తే ముందు లాకర్లో నెగటివ్ జాయింటు ఒక్కచోటే 1.3 పోతోంది. విప్పితే లోపలంతా పచ్చటి పొడి. కోసి కొత్త రింగ్ టెర్మినల్ వేశాను. సొలెనాయిడ్ కాంటాక్టులు కూడా గుంటలు పడ్డాయి, బాక్సు మార్చాను. ఇప్పుడు మోటారు దగ్గర 10.2. బ్రేకర్ 100దే ఉంచాను. గాలిలో ఇంకా చూడలేదు, ఆదివారం వెళ్తాం.

ఈటీఓ మూర్తి
శభాష్. మిగతా 2.6 వైరుది. చలికాలంలో 2 గేజ్ వేయించండి.

సరంగు బాబాయ్
ఇంజిన్ ముందుకేస్తే అదీ అక్కర్లేదు.

సర్క్యూట్ సుబ్బు
1000 బై 10.2 అంటే 98. వందకి లోపే. నేను మొదటే చెప్పానుగా.

ఈటీఓ మూర్తి
సుబ్బు గారూ...