అప్‌డేట్: రీజనింగ్‌కి టైమ్ చాలట్లేదని అడిగాను కదా
మూడు నెలల క్రితం, రైల్వే ఉద్యోగాల పరీక్ష ఆర్ఆర్‌బీ ఎన్‌టీపీసీ మొదటి దశ మాక్ టెస్టుల్లో రీజనింగ్ 30 ప్రశ్నలకే నలభై నిమిషాలు పోతున్నాయి, ఏం చేయాలి అని అడిగాను. మొత్తం 100 ప్రశ్నలకు ఉండేది 90 నిమిషాలే, అందుకే మ్యాథ్స్ దగ్గరికొచ్చేసరికి టెన్షన్‌తో తెలిసిన లెక్కలు కూడా తప్పేవి.

"కొత్త షార్ట్‌కట్లు వెతకడం ఆపు తమ్ముడూ, తప్పు చేసినవే నోట్‌బుక్‌లో రాసుకుని మళ్లీ మళ్లీ చెయ్" అని ఒక అక్క చెప్పారు. అదే పట్టుకున్నాను. గడియారం లెక్కల్లో నా పొరపాటు అలాగే దొరికింది. 3:40కి ముళ్ల మధ్య కోణం ప్రతిసారీ 150 డిగ్రీలని పెట్టేవాణ్ణి, ఎందుకంటే చిన్న ముల్లు 3 మీదే ఆగి ఉందనుకుని లెక్కేసేవాణ్ణి. కానీ అది నిమిషానికి అర డిగ్రీ చొప్పున ఆ 40 నిమిషాల్లో 20 డిగ్రీలు ముందుకు జరుగుతుంది కదా, కాబట్టి జవాబు 130. సూత్రం నాకు ముందే వచ్చు, బొమ్మ గీసుకున్నాకే బుర్రకెక్కింది. సిలాజిజమ్స్ (ఇచ్చిన వాక్యాల నుంచి ఏ ముగింపు సరైనదో తేల్చే ప్రశ్నలు) కూడా ఇప్పుడు వృత్తాలు గీసే చేస్తున్నాను.

గత నాలుగు మాక్‌లలో రీజనింగ్ 26, 27 నిమిషాల్లో అయిపోయింది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో తేల్చే సీటింగ్ అరేంజ్‌మెంట్ మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది కాబట్టి రెండు నిమిషాల్లో తేలకపోతే వదిలేసి ముందుకు వెళ్తున్నాను. అక్కా, మీకు చాలా చాలా థ్యాంక్స్, మీ మాట గురించి మా అమ్మకు కూడా చెప్పాను.