కొట్టంలో పడి ఉన్న పాత బుల్లెట్‌ను రోడ్డెక్కించాలి, తెలిసినవాళ్లు చెప్పండి

ఏపీ24_బుల్లెట్: అన్నలూ, మా పెదనాయన బుల్లెట్ 350. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడికాలు గేరు. హాలియా దగ్గర మా ఊళ్లో పశువుల కొట్టంలో 2014 నుంచి నిలబడే ఉంది. ఇంజిన్ జామ్ కాలేదు, కిక్ దిగుతోంది. ట్యాంకులో తుప్పు రాలుతోంది, ఆర్సీ గడువు అయిపోయింది. స్టార్ట్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి? టైర్లు పైకి బాగానే ఉన్నాయి, మార్చాలా?

పాలమూరు_స్ప్లెండర్: ఇంత టెన్షన్ ఎందుకన్నా! కరోనా టైంలో నిలిపేసిన నా స్ప్లెండర్‌కు పాత పెట్రోల్ పారబోసి, కార్బొరేటర్ విప్పి పైలట్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం) ఊది, కొత్త ప్లగ్ వేశా. కిక్ కొట్టగానే అందుకుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మాత్రం తప్పకుండా తెరిచి చూడు, నా దాంట్లో ఎలుకలు కాపురం పెట్టాయి.

దేవరకొండ_కాకా: తమ్మీ, స్ప్లెండర్ ముచ్చట ఇక్కడ ఎవరడిగిన్రు? క్యాస్ట్ ఐరన్ లెక్క వేరే. ఏళ్ల తరబడి నిలబెడితే ఆయిల్ ట్యాంకులోని ఆయిలంతా పంపు సందుల్లోంచి మెల్లగా ఇంజిన్ అడుగునున్న క్రాంకు గదిలోకి దిగుతుంది. పైన కొలపుల్లతో చూస్తే ఆయిల్ లేనట్టే కనిపిస్తుంది. తెలియనోడు ఇంకో లీటరు పోసి కిక్ కొడతాడు. ఇక ఇంజిన్ గాలి వదిలే బ్రీదర్ పైపులోంచి ఆయిల్ చిమ్ముడు, వాడంతా పొగ. ముందు ఇంజిన్ కింద డ్రెయిన్ బోల్టులు రెండూ విప్పి పాతది మొత్తం దించాలి. తర్వాత కొత్త 20డబ్ల్యూ50 ఇంజిన్ ఆయిల్ పొయ్యి. ప్లగ్ తీసి సిలిండర్లో రెండు చెంచాల ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున ప్లగ్ లేకుండానే మెల్లగా కిక్ తిప్పు. పాయింట్లకు (స్పార్క్ కోసం కరెంటు తెంచే కాంటాక్టులు) సన్న ఎమెరీ పేపర్ పెట్టి, గ్యాప్ 0.38 మి.మీ. ఉంచు. నల్లగొండ జిల్లాలో నా చేతి కింద పడని పాత బుల్లెట్ లేదు, రాసి పెట్టుకో.

మిర్యాలగూడ_మోటార్స్: ట్యాంకు సంగతి నేను చెబుతా. బాత్రూం యాసిడ్ పోసి, గుప్పెడు నట్లు వేసి ఊపు. గంటలో లోపల తెల్లగా మెరుస్తుంది.

వనపర్తి_గ్యారేజ్: దయచేసి ఆ పని చేయకండి. బాత్రూం యాసిడ్ తుప్పుతో ఆగదు, రేకునూ తింటుంది. కడిగిన కాసేపటికే కొత్త తుప్పు ఎర్రగా పట్టేస్తుంది. ఆ ఆవిరికి పక్కనున్న క్రోమ్ కూడా పోతుంది. చింతపండు పులుసు నింపి రెండు మూడు రోజులు ఉంచండి, చాలు.

మిర్యాలగూడ_మోటార్స్: చింతపండుతో ఇత్తడి చెంబులు తోముకో భయ్యా. ట్యాంకు నిండా పోయాలంటే ఎన్ని కిలోలు కావాలో లెక్క వేశావా? యాసిడ్ తర్వాత వంటసోడా నీళ్లతో కడిగితే ఏ తుప్పూ రాదు. నేను చేసిన ట్యాంకులు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

వనపర్తి_గ్యారేజ్: తిరుగుతున్నాయి సరే, అడుగున చిల్లులకు ఎంసీల్ పెట్టుకుని తిరుగుతున్నాయేమో! యాసిడే కావాలంటే ఫాస్ఫారిక్ వాడండి, అది లోపల ఒక పొర వదిలి తుప్పును కొంతకాలం ఆపుతుంది. ఆర్నాక కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి తిప్పాలి. ఇంత చిన్న విషయం తెలియకుండా పేరు పక్కన మోటార్స్ అని ఒకటి.

మిర్యాలగూడ_మోటార్స్: పేర్ల జోలికి రావొద్దు. వనపర్తిలో నీ గ్యారేజ్ ఎక్కడుందో చెప్పు, వచ్చి నీ చింతపండు ట్యాంకు చూస్తా.

దేవరకొండ_కాకా: ఇద్దరూ ఆగండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ తేమను లాగుతుంది, తడి పట్టి నిలిచిన ట్యాంకుకు అదే తుప్పు. పాత రబ్బరు పైపులు మెత్తబడి ఉబ్బుతాయి. పెట్రోల్ పైపు, ట్యాపు వాషర్లు కొత్తవి వేయి తమ్మీ.

గడియారం_సెంటర్: ఈ20 వచ్చాక నా కారు మైలేజీ పడిపోయింది, దాని గురించి ఎవరైనా మాట్లాడండి.

పాలమూరు_స్ప్లెండర్: కార్లకు వేరే చర్చ పెట్టుకో అన్నా.

ఏపీ24_బుల్లెట్: టైర్లు?

సూర్యాపేట_రైడర్: ఆర్సీ గురించి ఎవరూ మాట్లాడరేంటి? మొదటి 15 ఏళ్లు అయ్యాక అయిదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి ఆలస్యానికి బైకుకు నెలకు 300 చొప్పున పడుతోంది. 20 ఏళ్లు దాటిన బండికి రెన్యువల్ ఫీజే 2025 ఆగస్టులో 2,000 చేశారు. నా పాత బండికి లేటు ఫీజు లెక్క కట్టించుకుంటే, అదే డబ్బుతో సెకండ్ హ్యాండ్ స్కూటర్ వచ్చేది. బయట కూర్చునే ఏజెంటు దాని మీద ఇంకో రేటు చెప్పాడు. ఇంజిన్ మీద ఖర్చు పెట్టక ముందే ఆన్‌లైన్లో ఎంత చూపిస్తుందో చూసుకో. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడు. 2313 అని ఉంటే 2013లో 23వ వారం. పగుళ్లు లేకపోయినా అంత పాత రబ్బరు మీద నాగార్జునసాగర్ రోడ్డు ఎక్కకు.

పాలమూరు_స్ప్లెండర్: బ్యాటరీకి మన బోరు నీళ్లు మాత్రం పోయకు. ఆ ఉప్పుకు ప్లేట్లు పాడైపోతాయి. డిస్టిల్డ్ వాటర్ కొనుక్కో.

దేవరకొండ_కాకా: పదేళ్లు ఎండిన బ్యాటరీకి ఏ నీళ్లు పోస్తే ఏంది, పడేసి కొత్తది తెచ్చుకో. చార్జింగ్ లేకుంటే ఆంపియర్ ముల్లు కూడా కదలదు. స్టార్ట్ చేసేటప్పుడు ఆ ముల్లు మధ్యకు వచ్చినప్పుడు డీకంప్రెసర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే మీట) నొక్కి కిక్ కొంచెం దించాలి, తర్వాత గట్టిగా ఒకటే. తొందరపడి కొడితే కిక్ వెనక్కి తన్ని మడమ పోతుంది.

ఏపీ24_బుల్లెట్: కాకా, తమ్ముడు ఇప్పుడే డ్రెయిన్ విప్పాడు. మొదటి బోల్టు నుంచి ఒక్క చుక్క కూడా రాలేదు. రెండోది వదులు చేయగానే డబ్బా నిండి నేల మీద పారింది. నువ్వు చెప్పినట్టే. ఇంక ట్యాంకుకు ఏది వాడాలి?

మిర్యాలగూడ_మోటార్స్: యాసిడ్.

వనపర్తి_గ్యారేజ్: ముందు ట్యాంకు లోపల ఫొటో పెట్టు.