విలువ ఎప్పుడూ పడని క్రెడిట్ ఫండ్: నిజంగా సేఫా, లేక పడటం నాకు కనపడటం లేదా?

నిదానమే_ప్రధానం:

అందరికీ నమస్కారం, పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. పదేళ్లుగా ఇండెక్స్ ఫండ్లు, బ్యాంకు డిపాజిట్లు తప్ప వేరే దేని జోలికీ పోలేదు నేను. ఈమధ్య నా పెట్టుబడులు చూసే సలహాదారు ఒక ప్రైవేట్ క్రెడిట్ ఫండ్‌లో డబ్బు పెట్టమని వెంటపడుతున్నాడు. ఆ ఫండ్ మధ్యస్థాయి కంపెనీలకు బ్యాంకులతో పనిలేకుండా నేరుగా అప్పులిస్తుందట, ఏడాదికి 10 శాతం దాకా వస్తుందట, వడ్డీ ఫ్లోటింగ్, అంటే మార్కెట్ రేటుతో పాటు మారేది, కాబట్టి రేట్లు పెరిగినా మనకు దిగుల్లేదట. వీటన్నిటికన్నా నన్ను పట్టేసింది ఆయన చూపించిన గ్రాఫ్. షేర్ల గీత ఈసీజీలా ఎగిరెగిరి పడుతుంటే ఈ ఫండ్ గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు పైకి పోతోంది. 2022లో షేర్లు, బాండ్లు రెండూ కలిసి పడ్డాయి కదా, అప్పుడు కూడా దీనికి చీమ కుట్టినట్టయినా లేదు.

అలాగని నమ్మేద్దామంటే, వార్తల్లో ఎక్కడ చూసినా క్రెడిట్ మార్కెట్‌లో బొద్దింకలు అంటున్నారు, స్ప్రెడ్లు మరీ తగ్గిపోయాయి అంటున్నారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి? నా పొదుపులో నాలుగో వంతు పెట్టమంటున్నాడు, కావాలంటే మూడు నెలలకోసారి వెనక్కి తీసుకోవచ్చు అని కూడా చెప్పాడు. ఇందులో ఉన్నవాళ్లు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. "అధ్యక్షా, రిస్క్ అంతటా ఉంటుంది" లాంటి జవాబులు మాత్రం వద్దు.

లెక్కల_పిచ్చి:

ముందు ఆ గీత సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిమ్మల్ని పడేసింది అదే. షేరుకి ప్రతి నిమిషం ఎవడో ఒకడు ధర కడతాడు. ఈ అప్పులకి కట్టేవాడు ఉండడు, అవి రోజూ చేతులు మారవు. మూడు నెలలకో, నెలకో ఒకసారి ఫండ్ వాళ్లే ఒక మోడల్ పెట్టుకుని, బయటి వాల్యుయేషన్ సంస్థతో సరిచూసుకుని, ఇంత విలువ అని రాసుకుంటారు. మీ ఇంటి ధర రోజూ పేపర్లో రాదు కాబట్టి ఇంటి ధర ఎప్పుడూ పడదు అనుకుంటారా? గీత నున్నగా ఉందంటే రిస్క్ తక్కువ అని కాదు, ఎవరూ రోజూ కొలవడం లేదని.

ఇక ఫ్లోటింగ్ వడ్డీ. ఇది సగం నిజం. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న రేటుని 2023 జూలైకి 5.25–5.50 శాతానికి తీసుకెళ్లింది. ఫిక్స్‌డ్ రేటు బాండ్లు కొన్నవాళ్లు అందుకే దెబ్బతిన్నారు, ఫ్లోటింగ్ అప్పులిచ్చినవాళ్లకి వడ్డీ పెరిగింది. బాగానే ఉంది. కానీ ఆ పెరిగిన వడ్డీ కట్టేది ఎవరు? ఒక కంపెనీకి వడ్డీ, పన్ను కట్టకముందు 100 లాభం, 500 అప్పు ఉందనుకోండి. 7 శాతానికి ఏడాదికి 35 కట్టేది, 11 శాతమయ్యేసరికి 55 కట్టాలి, వ్యాపారం మాత్రం అదే. అంటే రేటు రిస్క్ ఎక్కడికీ పోలేదు, మీ దగ్గర్నుంచి వెళ్లి అప్పు తీసుకున్నవాడి నెత్తిమీద కూర్చుంది, వాడు కట్టలేకపోతే వేషం మార్చుకుని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

వాడు కట్టలేకపోయినప్పుడు జరిగే తమాషా ఒకటుంది, దాని పేరు పిక్, పేమెంట్ ఇన్ కైండ్. వడ్డీ డబ్బుగా ఇవ్వకుండా అసలుకు కలిపేస్తారు. వడ్డీ కట్టలేనివాడికి ఇంకాస్త అప్పిచ్చి దాన్నే వడ్డీ వచ్చినట్టు రాసుకోవడం అన్నమాట. పుస్తకాల్లో ఆదాయం కనపడుతుంది, జేబులోకి పైసా రాదు. మీకిచ్చే డివిడెండ్ మాత్రం ఎక్కడినుంచో నగదు తెచ్చి ఇవ్వాలి కదా. మీ ఫండ్ రిపోర్టులో మొత్తం వడ్డీ ఆదాయంలో పిక్ ఎంతో చూడండి. మొదటిరోజే ఒప్పందంలో ఉన్న పిక్ వేరు, మధ్యలో ఒప్పందం సవరించి తెచ్చిన పిక్ వేరు. భయపడాల్సింది రెండోదానికి.

ఇంకోటి, రేట్లు తగ్గితే ఆ 10 శాతం కూడా తగ్గుతుంది. 2025 డిసెంబర్‌కి ఫెడ్ 3.50–3.75 శాతానికి దించేసింది. మీ సలహాదారు చూపించింది ఏ ఏడాది 10 శాతమో అడగండి.

అప్పుల_గుమాస్తా:

నేను పదమూడేళ్లుగా కంపెనీలకు అప్పులిచ్చే పక్కనే ఉన్నాను, మొదట బ్యాంకులో, ఇప్పుడు ఫండ్‌లో, కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా. పైన చెప్పిన లెక్కలు తప్పు కాదు కానీ స్వరం చూస్తే రేపే 2008 నాటి ఆర్థిక సంక్షోభం మళ్లీ వస్తుందేమో అనిపిస్తోంది.

2008 తర్వాత బాసెల్ అనే అంతర్జాతీయ బ్యాంకింగ్ నిబంధనల వల్ల బ్యాంకులు రిస్క్ ఎక్కువున్న అప్పులకు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాల్సి వచ్చింది, దాంతో మధ్యస్థాయి కంపెనీల అప్పులు మెల్లగా ఫండ్ల చేతికొచ్చాయి. 2023 నాటికే ఇది 2 లక్షల కోట్ల డాలర్లు దాటిందని ఐఎంఎఫ్ లెక్క. పెద్దదే. కానీ 2008లో కూలిన అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలే ముందు ఒక డాలరు మూలధనం మీద దాదాపు 30 డాలర్ల ఆస్తులు మోసింది, ఇలా నేరుగా అప్పులిచ్చే మామూలు ఫండ్ ఒక డాలరు మీద ఇంకో డాలరు, డాలరున్నర అప్పు తెస్తే చాలా ఎక్కువ. పైగా పెన్షన్ ఫండ్ల డబ్బు ఏడెనిమిదేళ్లు కదలదు, రాత్రికి రాత్రి పరుగెత్తేవాడు ఉండడు. సిలికాన్ వ్యాలీ బ్యాంకులో 2023 మార్చి 9న ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకున్నారు, అలాంటిది ఇక్కడ కుదరదు.

బొద్దింక మాట జేపీ మోర్గాన్ అధిపతి జేమీ డైమన్‌ది, 2025 అక్టోబర్‌లో అన్నాడు, ఒకటి కనపడితే ఇంకా ఉండే ఉంటాయని. దానికి ముందు నెలలోనే ట్రైకలర్ అనే కార్ల అప్పుల కంపెనీ, ఫస్ట్ బ్రాండ్స్ అనే కార్ల విడిభాగాల కంపెనీ దివాలా తీశాయి. ట్రైకలర్‌లో ఆయన బ్యాంకుకే 17 కోట్ల డాలర్లు పోయాయి. రెండింటిలోనూ ఒకే ఆస్తిని ఒకరికంటే ఎక్కువమందికి తాకట్టు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. ఇక్కడ గమనించాల్సింది, ఇవి మీ ఫండ్ ఇచ్చే తరహా అప్పులు కావు. గొడవ ప్రధానంగా ఇన్వాయిస్‌ల మీద, కార్ల లోన్ల మీద ఇచ్చిన అప్పుల్లో, బ్యాంకులు కూడా బాగా మునిగాయి. కాగితం మీదున్న తాకట్టు నిజంగా ఉందా అని వెళ్లి చూడటం మానేస్తే బ్యాంకైనా ఫండ్ అయినా ఒకటే.

స్ప్రెడ్ల గురించి అడిగారు కదా. స్ప్రెడ్ అంటే ప్రభుత్వ బాండ్ కంటే బలహీనమైన కంపెనీ బాండ్ ఎంత ఎక్కువ వడ్డీ ఇస్తుందో ఆ తేడా. అమెరికా హై యీల్డ్ బాండ్లలో ఇది 2008 చివర్లో 20 శాతం పాయింట్లు దాటింది, 2020 మార్చిలో దాదాపు 11కి పోయింది, 2025లో కొన్నాళ్లు 3 కంటే కిందుంది. ఇప్పుడు చిన్న లెక్క. ఏడాదికి నూటికి నాలుగు కంపెనీలు ఎగ్గొట్టి, ఎగ్గొట్టినవాటిలో నూటికి నలభై తిరిగొస్తే నష్టం 2.4 పాయింట్లు. స్ప్రెడ్ 3 లోపుంటే మీకు మిగిలేది అర పాయింటు. నా బాధ అంతా ఇదే, కూలిపోతుందని కాదు, ఈ ధరకి రిస్క్ తీసుకోవడం గిట్టుబాటు కాదని. ప్రైవేట్ అప్పుల్లో ఇంకో రెండు పాయింట్ల దాకా ఎక్కువ వస్తుంది, అందులో ఫీజు ఎంత మింగుతుందో చూసుకోండి.

గేటు_దగ్గర_నిలబడ్డా:

మూడు నెలలకోసారి తీసుకోవచ్చు అన్నారు కదా, ఆ వాక్యం పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చదివారా? నేను చదవలేదు. క్రెడిట్ ఫండ్ కాదు, ఇదే తరహాలో ఆస్తులు కొనే ఫండ్, పేరు చెప్పను. మూడు నెలలకి మొత్తం ఫండ్ విలువలో 5 శాతం వరకే వెనక్కి ఇస్తారు, అడిగినవాళ్లు ఎక్కువైతే అందరికీ దామాషాలో. నేను అడిగిన త్రైమాసికంలో ఫండ్‌లో 15 శాతం డబ్బు వెనక్కి ఇమ్మని తలుపు దగ్గర నిలబడింది, అంటే అడిగినదాంట్లో మూడో వంతు చేతికొచ్చింది. మిగతాదానికి మళ్లీ కొత్తగా దరఖాస్తు. ఈసారి భయపడి అవసరం లేనివాళ్లు కూడా అడిగారు, ఇంకా తక్కువ వచ్చింది. ఏడాదిన్నర పట్టింది మొత్తం బయటపడటానికి, అప్పటికి నాకు డబ్బు కావాల్సిన పని ఎప్పుడో దాటిపోయింది, వేరేచోట ఎక్కువ వడ్డీకి తెచ్చి సర్దుకున్నాను. నష్టం రాలేదు నిజానికి. కానీ ఆ ఏడాదిన్నర టెన్షన్‌కి ఎవడూ వడ్డీ కట్టడు.

ఇదేమీ మోసం కాదు, నియమాల్లో ఉన్నదే. బ్లాక్‌స్టోన్ వాళ్ల రియల్ ఎస్టేట్ ఫండ్ బీరీట్ కూడా 2022 చివర్లో ఇదే చేసింది, అడిగినవాళ్లందరికీ అడిగినంతా మళ్లీ ఇచ్చింది 2024 ఫిబ్రవరిలో.

గుమాస్తా గారూ, పెన్షన్ ఫండ్ డబ్బు కదలదన్నారు, ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు ఈ ఫండ్లు మాలాంటి మామూలు మనుషులకి అమ్ముతున్నారు కదా. మేం కదులుతాం. ఎందుకు కదలం?

లెక్కల_పిచ్చి:

సరిగ్గా అదే నేను అనబోయింది. పైగా విలువ నెమ్మదిగా తగ్గిస్తారు కాబట్టి ముందు బయటికెళ్లినవాడు పాత, ఎక్కువ ధరకి వెళ్తాడు, ఆ తేడా ఉండిపోయినవాళ్ల మీద పడుతుంది. ఇది తెలిసినవాడు ఎవడైనా ముందే పరుగెత్తుతాడు. గేటు, అంటే ఆ 5 శాతం పరిమితి, పెట్టింది అందుకే, గేటు ఉందని తెలిస్తే ఇంకాస్త ముందు పరుగెత్తుతాడు. 2008 సెప్టెంబర్‌లో రిజర్వ్ ప్రైమరీ అనే మనీ మార్కెట్ ఫండ్ గుర్తుందా? లేమన్ అప్పు కాగితాలు వాళ్ల దగ్గరున్నది 78.5 కోట్ల డాలర్లే, ఫండ్‌తో పోలిస్తే చాలా చిన్నది. ఒక డాలరుగా ఉండాల్సిన యూనిట్ 97 సెంట్లు అయింది, అంతే, మనీ మార్కెట్ ఫండ్లన్నిటి దగ్గరా క్యూ మొదలైంది.

ఇంకో మాట, బ్యాంకులు ఈ రిస్క్ వదిలించుకున్నాయన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఈ ఫండ్లకి అప్పిచ్చేది ఎవరు? బ్యాంకులే. ముందు తలుపు మూసి పెరటి తలుపు తీశారు.

అప్పుల_గుమాస్తా:

ఆ పెరటి తలుపు మాట కాదనను. బ్యాంకులు అక్కడ మొదటి వరసలో ఉంటాయి, నష్టం వస్తే ముందు ఫండ్ మదుపుదారులది పోయాకే వాళ్లది, కాబట్టి బ్యాంకు బతుకుతుంది. మదుపుదారుడికి అది ఓదార్పు కాదు అనుకోండి.

అడిగినాయనకి పనికొచ్చే ఒక చిట్కా. ఇలాంటి అప్పులే ఉన్న ఫండ్లు కొన్ని అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ అయి ఉంటాయి, బీడీసీలంటారు. వాటి షేరు ధర, వాళ్లే ప్రకటించే నికర విలువ పక్కపక్కన పెట్టి చూడండి. 2025 చివర్లో చాలావాటి షేర్లు నికర విలువ కంటే తక్కువకే దొరికాయి. ఇలాంటి అప్పుకే మార్కెట్‌లో నూటికి ఎనభై, ఎనభై అయిదు పలుకుతుంటే, మీ ఫండ్ మాత్రం నూరు అని రాసుకుని ఆ నూరుకే మీకు అమ్ముతోందంటే ఆలోచించాలి. ఆ తగ్గింపులో కొంత కేవలం భయం కూడా ఉంటుంది, నేను ఎరుగుదును, కానీ అడగాల్సిన ప్రశ్నే.

టీ_బ్రేక్:

వీళ్ల మాటలు విని ఇండెక్స్ ఫండ్ అయితే క్రెడిట్ గొడవే ఉండదు అనుకోకండి. ఏఐ డేటా సెంటర్ల కోసం పెద్ద టెక్ కంపెనీలు కూడా ఇప్పుడు అప్పులే చేస్తున్నాయి, మెటా ఒక్కటే 2025 అక్టోబర్‌లో ఒక్క దెబ్బకి 3,000 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. ప్రైవేట్ క్రెడిట్ ఫండ్లు కూడా అటే పరుగు. అంటే మీ ఇండెక్స్ ఫండ్, ఈ క్రెడిట్ ఫండ్ రెండూ ఒకే కథ మీద పందెం కాస్తుండొచ్చు. ఫండ్ ఏయే రంగాలకి అప్పిచ్చిందో చూడండి, సాఫ్ట్‌వేర్ ఎంతుందో ముఖ్యంగా.

నిదానమే_ప్రధానం:

అందరికీ చాలా థాంక్స్. రెండు రాత్రులు కూర్చుని ఫండ్ వార్షిక రిపోర్టు, ఆఫర్ డాక్యుమెంటు చదివాను, ఇంత నిద్రొచ్చే పుస్తకం నా జీవితంలో చదవలేదు. 5 శాతం గేటు ఉంది, పైగా బోర్డు అనుకుంటే అది కూడా ఆపేయొచ్చట. పిక్ మొత్తం వడ్డీ ఆదాయంలో 11 శాతం, అందులో సగానికి పైగా మధ్యలో సవరించినవి. సాఫ్ట్‌వేర్ నాలుగో వంతు పైనే.

సలహాదారుకి ఫోన్ చేసి పిక్ ఎంత అని అడిగితే కనుక్కుని చెప్తానన్నాడు. దీన్ని అమ్మితే మీకెంత వస్తుందని అడిగితే మాట మార్చాడు. నాలుగో వంతు పెట్టే ప్రశ్నే లేదు. ఏడేళ్లదాకా ముట్టుకోనక్కర్లేని కొద్ది డబ్బుంది, మొత్తంలో 3 శాతం కంటే తక్కువ, అది పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మా ఇంట్లోవాళ్లయితే అది కూడా ఎందుకు అంటున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. వడ్డీ కట్టడం ఆపేసిన అప్పులు, నాన్ అక్రూవల్ అంటారు కదా, అవి ఫెయిర్ వాల్యూ మీద 1.2 శాతమే అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఇది తక్కువే కదా?

అప్పుల_గుమాస్తా:

పెద్ద అక్షరాల్లో వేశారంటేనే అనుమానించాలి. ఫెయిర్ వాల్యూ మీద అంటే ఇప్పటికే విలువ కోసేసిన తర్వాత లెక్క. 100 ఇచ్చిన అప్పు చెడిపోయి 40 అని రాసుకుంటే, ఆ లెక్కలో 40 గానే కనపడుతుంది. ఎంత ఎక్కువ పాడైతే అంత తక్కువ కనపడుతుంది, చూశారా తమాషా. వెనక నోట్స్‌లో "ఇచ్చిన మొత్తం మీద" అని ఇంకో అంకె ఉంటుంది, అది 3 దగ్గర్లో ఉండొచ్చని నా అంచనా. చూసి ఇక్కడ పెట్టండి.

నిదానమే_ప్రధానం:

చూశాను. 3.1.