జీర్ణాశయం మోడల్‌లో అల కదుల్తలేదు, షీట్ అంతా ఒక్కసారే ఎక్కి దిగుతుంది

పాలమూరు_పైథాన్:
జీర్ణాశయం గోడ మీద పైనుంచి కిందికి పాకే నెమ్మది విద్యుత్ అలను కంప్యూటర్‌లో తెప్పిద్దామని చూస్తున్న. 200 మి.మీ. పొడవు, 100 మి.మీ. వెడల్పు షీట్. ప్రతి నోడ్‌లో (గ్రిడ్ బిందువులో) వాన్ డెర్ పోల్ ఆసిలేటర్ (తనంత తనే ఊగే సమీకరణం), పక్క నోడ్లతో డిఫ్యూజన్ (కప్లింగ్, అంటే జత). సైకిల్ 20 సెకన్లు, అంటే నిమిషానికి 3. అయినా అల లేదు, షీట్ మొత్తం ఒక్కసారే వెలిగి ఒక్కసారే ఆరుతుంది. ఏడ తప్పుతున్న?

నల్లగొండ_బయోమెడ్:
అన్ని నోడ్లకు ఒకటే సొంత తాళం ఇచ్చినవు తమ్మీ. ఎవరూ ముందు పోరు, ఎవరూ వెనక పడరు, మరి అల ఎక్కడి నుంచి వస్తది? తాళం వేసే కజాల్ కణాలు జీర్ణాశయం గోడలో చాలా మేర ఉంటయి గానీ, పైభాగంలో పెద్ద వంపు వైపున్నవి కొంచెం జోరు. కిందివాటిని విడిగా వదిలితే నెమ్మది. జత కలిపితే పైవాటి తాళానికే వస్తయి, కాకపోతే కాస్త ఆలస్యంగ. అల అంటే ఆ ఆలస్యమే. పై అంచున 20 సెకన్లు ఉంచి, కింది అంచుకు పోయేసరికి 26 దాకా సాఫీగ పెంచు. ఆ 26 మోడల్ నడవడానికే, కొలిచిన అంకె అనుకోకు.

దేవరకొండ_కోడ్:
అల కనబడంగనే అయిపోయిందనుకోవద్దు. నిమిషానికి 3 వచ్చుడు గొప్ప కాదు, అది మనం పెట్టిందే. వేగం కొలువు. మనిషి జీర్ణాశయం నడిమి భాగంలో సెకనుకు సుమారు 3 మి.మీ., ఆంట్రంలో దాదాపు రెట్టింపు. (ఆంట్రం అంటే కింది భాగం. మన తెలుగు ‘ఆంత్రం’ పేగు, రెండూ కలిపి రాసేటోళ్లు చాలామంది.) 3ను 20తో గుణిస్తే 60 మి.మీ., రెండు అలల నడుమ దూరం అంతే. అంటే ఏ క్షణాన ఆపి చూసినా షీట్ మీద రెండు మూడు అలలుండాలె. ఒక్కటే ఉంటే కప్లింగ్ ఎక్కువైంది. పైన నిమిషానికి 3, కింద 2.5 అని మెట్లు పడితే కప్లింగ్ చాలలేదు. చిన్నపేగులో ఆ మెట్లు నిజంగనే ఉంటయి, మొదటి భాగం డుయోడినంలో నిమిషానికి 12, చివరి భాగం ఇలియం దాకా పోతే 8. ఆరోగ్యంగ ఉన్న జీర్ణాశయం మోడల్‌లో పడితే మాత్రం కోడ్‌నే అనుమానించాలె.

పాలమూరు_పైథాన్:
కప్లింగ్ పెంచంగనే అంకెలు పేలిపోతున్నయి. గ్రిడ్ 0.25 మి.మీ., స్టెప్ 0.05 సెకను, డిఫ్యూజన్ సెకనుకు 1 చదరపు మి.మీ., ఆయిలర్ పద్ధతి (ఒక్కో స్టెప్ నేరుగా ముందుకు లెక్కించుడు).

నల్లగొండ_బయోమెడ్:
పేలక ఏం చేస్తది? రెండు దిక్కుల షీట్‌కు హద్దు లెక్క: గ్రిడ్ వర్గాన్ని డిఫ్యూజన్‌కు 4 రెట్లతో భాగించు. 0.0625 బై 4, అంటే 0.0156 సెకను. నువ్వు మూడింతలు దాటినవు. గ్రిడ్ 0.5 చేస్తే హద్దు 0.0625కు పెరుగుతది, 0.05 నడుస్తది. పని కూడా 16 వంతుల్లో ఒక వంతే, ఎందుకంటే నోడ్లు నాలుగో వంతు, స్టెప్పులు నాలుగో వంతు. కానీ రెండు గ్రిడ్ల మీదా వేగం కొలిచి చూడు, 5 శాతం దాటి తేడా ఉంటే 0.5 ముతక అన్నట్టే. మొదటి 10 సైకిళ్లు పారెయ్, అవి నువ్విచ్చిన మొదటి విలువల ప్రభావమే.

సూర్యాపేట_సాల్వర్:
గుండె కోడ్ తెచ్చి వాడేటోళ్లకు ఒక మాట. గుండె కండరానికి రాసిన అలియెవ్-పాన్‌ఫిలోవ్ మోడల్‌లో ఒక కాలప్రమాణం 12.9 మిల్లీసెకన్లు, అది గుండె లెక్క. పైగా దానికి సొంత తాళం లేదు, బయటి నుంచి ప్రేరేపిస్తేనే లేస్తది.

మిర్యాలగూడ_ఎలక్ట్రోడ్:
చర్మం మీది రికార్డింగ్‌తో పోల్చాలంటే మొదలు ఏడీ8232 ఈసీజీ బోర్డు (గుండె సిగ్నల్ తీసేది) పక్కన పెట్టండి. మార్కెట్‌లో దొరికే మాడ్యూల్ 0.5 హెర్ట్జ్ కింద కోసేస్తది, మనకు కావాల్సింది 0.05 (నిమిషానికి 3 అంటే అదే). ఫిల్టర్ రెండు పోళ్లది (ఫ్రీక్వెన్సీ పదో వంతైతే సిగ్నల్ వందో వంతయ్యే రకం) కాబట్టి వందో వంతు మిగుల్తది. అసలు సిగ్నలే 50 నుంచి 500 మైక్రోవోల్టులు, అందులో వందో వంతు ఏం కనబడ్తది? ఏడీఎస్1299 లాంటి 24 బిట్ల డీసీ కప్లింగ్ చిప్ (నెమ్మది సిగ్నల్‌ను కోయకుండా తీసుకునేది) పెట్టుకోవాలె.
మే నెలల మన దిక్కు ఎండకు ఎలక్ట్రోడ్ కింద చెమట పడితే బేస్‌లైన్ మెల్లగ ఊగుతది, ఆ ఊగుడు సరిగ్గ మన బ్యాండ్‌లనే పడ్తది. ఏ ఫిల్టరూ దాన్ని విడదీయలేదు, చల్లటి గదిలో తీసుడే దారి.
ఇంకా, రికార్డింగ్‌లో నిమిషానికి 12 దగ్గర శిఖరం కనబడితే డుయోడినం దొరికిందని రాయకండి. ఊపిరి కూడా 12 నుంచి 20 మధ్యనే, 3కు నాలుగో హార్మోనిక్ (నాలుగు రెట్ల తాళం) కూడా 12నే. ఛాతీకి ఊపిరి బెల్ట్ కట్టి పక్క ఛానెల్‌లో తీయండి. ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ తాళాలున్నయో విడదీసే లెక్క) విండో 4 నిమిషాలకు తగ్గొద్దు. నిమిషం విండోతో 2.5కు 3కు తేడానే తెల్వదు.

పాలమూరు_పైథాన్:
20 నుంచి 26 దాకా గ్రేడియంట్ పెట్టిన, గ్రిడ్ 0.5, స్టెప్ 0.05. మూడు అలలొస్తున్నయి, వేగం 3.2. ఆంట్రంలో మాత్రం వేగం పెరగట్లే.

దేవరకొండ_కోడ్:
కింది 60 మి.మీ.లో డిఫ్యూజన్ 4 రెట్లు చెయ్. వేగం దాదాపు దాని వర్గమూలంతో పోతది కాబట్టి రెట్టింపు దగ్గరికొస్తది. అంచు దగ్గర ఒక్కసారే మార్చకు, 10 మి.మీ. మేర సాగదియ్, లేకుంటే అల అక్కడ తడబడ్తది. స్టెప్ హద్దు కూడా మళ్లా 0.0156కు దిగింది, 0.05తో రన్ కొట్టకు.