జూబ్లీహిల్స్‌లో వాలు ప్లాటు: గుండు పగలగొట్టాలా, గోడ కట్టాలా, నీళ్లు ఎటు పంపాలి?

కొండవాలు800 అడిగారు:

జూబ్లీహిల్స్‌లో 800 గజాల ప్లాటు. రోడ్డు పైన ఉంది, వెనక హద్దు రోడ్డుకంటే దాదాపు 4 మీటర్లు దిగువన. మధ్యలో పెద్ద గుండు (గుండ్రటి బండరాయి), సుమారు 3 × 3 × 2.5 మీటర్లు. దాని పక్కనే పరుపుబండ (నేలలో పరుచుకున్న రాతి పొర) తేలి కనిపిస్తోంది. వెనక పాత రాతిగోడ నడుమ దగ్గర బయటికి ఉబ్బింది. జీ ప్లస్ టూ, కింద కార్లకు సెల్లార్ అనుకుంటున్నాం. గుండు పగలగొట్టి ఆ రాయితోనే వెనక నింపి లెవెల్ చేద్దామని కాంట్రాక్టరు అంటున్నాడు. డ్రైనేజీ లైను రోడ్డు వైపే ఉంది. పాత బోరు ఎండిపోయింది. డిజైన్ మొదలయ్యేలోపు ఏమేం తేల్చుకోవాలి?

బండపని:

ముందు ఆ నింపుడు ఆలోచన ఆపండి. ఇల్లు సగం బండ మీదా సగం పోసిన మట్టి మీదా నిలబడితే బండ వైపు దిగదు, పోత వైపు ఏటేటా దిగుతుంది. ఆ రెండూ కలిసే గీత వెంబడే గోడలు చీలతాయి. ఎన్నిసార్లు పుట్టీ పెట్టినా మళ్లీ అక్కడే తెరుచుకుంటాయి. వెనక వైపు కాలమ్స్ అన్నీ పోతను దాటి బండదాకా దిగాల్సిందే.

అసలు బండ ఎక్కడుందో తేల్చడానికి నాలుగు మూలలా, ఉబ్బిన గోడకు దూరంగా, జేసీబీతో గుంటలు తీయించండి. గుండు తీసేసేటట్టయితే దాని మొదట్లో కూడా ఒక పక్క తవ్వండి. కింద మొరం కనిపిస్తే అది విడి గుండు, నేలలోకి కలిసిపోతే పరుపుబండలో భాగం. ఇది కాక కనీసం రెండు చోట్ల కోర్ డ్రిల్లింగ్ (లోపలి రాయిని కడ్డీలా కోసి బయటికి తీసి చూడటం) చేయించండి. రాయి తగిలిన వెంటనే "బండొచ్చింది" అని మెషీన్ ఆపనివ్వొద్దు. మరో 3 మీటర్లు లోపలికి పోవాలి. ఈ కొండల్లో రెండు మీటర్ల మందం గుండు, దాని కింద మళ్లీ మొరం ఉండటం మామూలే. పైపొర చూసి ఫుటింగ్ వేస్తే భూమిలో దాగిన గుండు మీద ఇల్లు కట్టినట్టే.

గుండు లెక్క: 22 ఘనమీటర్లకు పైనే. గ్రానైటు ఘనమీటరుకు 2.65 టన్నుల చొప్పున దాదాపు 60 టన్నులు. పగిలాక ఒకటిన్నర రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఇళ్ల మధ్య పేలుడు మందు ఊసే వద్దు. మిగిలినవి ఇనుప చీలలు, బ్రేకర్, క్రాక్ పౌడర్ (నీళ్లు కలిపి రంధ్రాల్లో పోస్తే ఉబ్బి రాయిని చీల్చేది). పౌడరుకు 38 నుంచి 42 ఎం.ఎం. రంధ్రాలు, 30 నుంచి 40 సెం.మీ. ఎడంతో వేస్తారు. 5 కిలోల సంచికి సుమారు లీటరున్నర నీళ్లు కలిపి వెంటనే పోయాలి. బలంగా పగలాలంటే ఒక పక్క రాయి ఖాళీలోకి జరగడానికి చోటుండాలి. చుట్టూ బిగిసి ఉన్న బండలో పోస్తే పౌడరు దండగ. ఎక్కువ చెడేది ఎండాకాలంలో: చల్లటి వాతావరణానికి చేసిన రకం వాడితే రంధ్రంలోంచి మందు తుపాకీలా ఎగజిమ్ముతుంది. పోశాక ఎవరూ పైకి వంగి చూడకూడదు, కళ్లద్దాలు తప్పనిసరి. డ్రిల్లింగ్ నీళ్లు కొడుతూ చేయించండి, గ్రానైటు దుమ్ము ఊపిరితిత్తుల్లో నిలిచిపోతుంది.

నన్నడిగితే గుండు కొట్టకుండా ఉంచేలా ప్లాన్ గీయించండి. బంజారాహిల్స్‌లో నిజాం కాలపు అధికారి మెహదీ నవాజ్ జంగ్ కట్టుకున్న ఇల్లు బండల్ని గోడల్లోకి కలుపుకున్నదే. కాకపోతే ఉంచే గుండు మొదట్లో తవ్వొద్దు. దాన్ని ఆపుతున్నది ఒక్కోసారి కింద ఇరుక్కున్న చిన్న రాయే.

సంపు_బోరు:

ఉబ్బిన గోడ గురించి. దాని వెనక నీళ్లు చేరుతున్నాయి, పోయే దారి లేదు. మూడు మీటర్ల గోడ వెనక నీళ్లు పైదాకా నిండితే ఒక్కో మీటరు పొడవుకు నాలుగున్నర టన్నుల తోపు, మట్టి తోపు కాక. చాలా గోడలు వానాకాలంలోనే పడటానికి కారణమిదే. మేస్త్రీతో గోడకు తూకం దారం పట్టించి ఉబ్బు ఎంతో రాసుకోండి. గోడ మొదట్లో తవ్వకండి, వెనక లోడు పెంచకండి, గోడ కింద మనుషులు మసలకుండా చూడండి.

కొత్త గోడ రాతిదైతే అడుగుభాగం వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకూడదు. పునాది పరుపుబండ మీద కూర్చుంటే బండలో రంధ్రాలు వేసి కడ్డీలు దించి సిమెంటు పాలతో బిగించాలి (గ్రౌట్). లేకపోతే వాలు బండ మీద గోడ మొత్తం జారుతుంది. వెనక ఒక అడుగు మందాన 20–40 ఎం.ఎం. కంకర, దానికీ మట్టికీ మధ్య నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. వీప్ హోల్స్ (నీళ్లు బయటికి పోయే రంధ్రాలు) 75 లేదా 100 ఎం.ఎం. పైపుతో, మీటరు మీటరున్నర ఎడంతో, బయటికి వాలుగా. గుడ్డ మానేస్తే రెండు మూడు వానలకే సన్నమట్టి వచ్చి రంధ్రాలు పూడుకుంటాయి. బయట నుంచి చూస్తే రంధ్రాలున్నట్టే ఉంటుంది, చుక్క రాదు.

ఇంకుడు గుంత విషయంలో ఇక్కడ జాగ్రత్త. పరుపుబండ మీద గుంత ఇంకదు. నిండి, మట్టికీ బండకీ మధ్య సందులోంచి నడిచి కింది ఇంటి సెల్లార్‌లో తేలుతుంది, తర్వాత గొడవ మీది. 2020 అక్టోబరులో నగరంలో ఒక్కరోజులో 190 మి.మీ. పైగా పడింది. 250 చదరపు మీటర్ల స్లాబు మీద అంటే 47 వేల లీటర్లకు పైమాటే. కాబట్టి స్లాబు మీది వాన నీటిని ఫిల్టరు గుండా సంపులోకి, మిగిలింది ఎండిన బోరులోకి పంపండి. బోరు తాగుతుందో లేదో తెలుసుకోవడానికి 5,000 లీటర్ల ట్యాంకర్ తెప్పించి మెల్లగా పోసి చూడండి. మట్టం దిగకపోతే ఆశ వదులుకోండి. మొదటి వాన నీళ్లు, కారు కడిగిన నీళ్లు బోరులోకి పోనివ్వొద్దు.

సంపు కనీసం ఒక పెద్ద ట్యాంకర్ పట్టేలా 10,000 లీటర్లు. నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. మనిషికి 135 లీటర్ల లెక్కన ఆరుగురికి రోజుకు 810, తోట వేరే.

కొండవాలు800:

థ్యాంక్సండీ. సెల్లార్ నుంచి డ్రైనేజీ రోడ్డుకు ఎక్కేదెలా?

సంపు_బోరు:

రోడ్డు మట్టానికి పైనున్న ఫ్లోర్లను విడిగా, వాలుతోనే పంపండి: 4 అంగుళాల పైపుకు 40కి 1, 6 అంగుళాలకు 60కి 1. అన్నిటినీ కింద చాంబర్‌లో దింపి మళ్లీ ఎక్కించడం అనవసరపు కరెంటు ఖర్చు. పైగా పంపు ఆగిన రోజు ఇల్లంతా ఆగుతుంది. కింది ఫ్లోరుకు మాత్రమే చిన్న చాంబర్, మురుగులోని గట్టివాటిని కోసి పంపే కట్టర్ పంపులు రెండు వంతులవారీగా, ఫ్లోట్ స్విచ్, గాలి పైపు, మురుగు వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వ్. పంపులకు జనరేటర్ లైను ఉండాలి, కరెంటు పోయేది వానలోనే. చాంబర్ పెద్దదైతే మురుగు నిలిచి వాసన కొడుతుంది. తాగునీటి సంపు దీనికి పది అడుగుల దూరంలో, ఎగువన.

బండపని:

సెల్లార్‌కు ఇంకో మాట. ర్యాంపు 8కి 1 వాలు అంటే 2.7 మీటర్లు దిగడానికి 21.6 మీటర్ల పొడవు కావాలి. మీ ప్లాటు వెనక్కి ఎటూ 4 మీటర్లు దిగుతోంది కదా, బండ తవ్వకుండా ఆ దిగువనే కార్లు పెట్టేలా చూడండి. గేటు దగ్గర ఆరంగుళాల గట్టు, వెంటనే అడ్డంగా జాలీ కాలువ, అది సెల్లార్ వైపు కాకుండా పక్క కాలువకు. రోడ్డు నీళ్లు మీ ర్యాంపునే కాలువ అనుకుంటాయి. కొండ నీళ్లు కిందికి దిగి కృష్ణానగర్‌ను ముంచడం ఏటా చూస్తున్నదే.

పాతపటం:

కాగితాల సంగతి క్లుప్తంగా. సొసైటీ ప్లాటు నంబరూ, 8-2-293/82 తో మొదలయ్యే డోర్ నంబరూ వేరువేరు. లింకు డాక్యుమెంట్లలో (ముందటి యజమానుల దస్తావేజుల్లో) రెండూ ఉన్నాయా, సర్వే నంబరు షేక్‌పేటదా హకీంపేటదా చూసుకోండి. సర్వేయర్‌తో హద్దులతో పాటు కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) కూడా అరమీటరు అంతరంతో గీయించండి. ఉబ్బిన గోడ మీ హద్దు లోపలుందా, కింది ఇంటివాళ్లదా అన్నది ఆ పటం మీదే తేలుతుంది. పని మొదలయ్యేలోపు పక్కిళ్ల గోడల పగుళ్లను తేదీతో ఫొటోలు తీసి, వాళ్ల సంతకం కూడా తీసుకోండి. బ్రేకర్ ఆడిన మర్నాడు పాత పగుళ్లన్నీ కొత్తవే అవుతాయి.